దొరలొస్తున్నారా, దొరొస్తున్నారా?

అరసున్నా: రెండ్రోజులుగా ఒకే వాక్యం బుర్ర తొలిచేస్తోంది. చిన్నప్పుడు చదివిన పిల్లల నవల, అట్ట లేదు కాబట్టి పేరు తెలియదు, మన్యం పితూరీ, అదే అల్లూరి సీతారామరాజు తిరుగుబాటు, కథ. అల్లూరి అనుచరుడు గంటందొర ఇంటి ముందుకు ఒక కుర్రాడు రొప్పుతూ వచ్చి "దొరా, దొరలొస్తున్నారు" అంటాడు. లేక "దొరొస్తున్నారు" అన్నాడా? ఆ "ల" ఉంటే తెల్లవాళ్లు, లేకపోతే మల్లుదొర. తర్వాతి పేజీ చిరిగిపోయింది. వాడు భయపడి అరిచాడా, సంబరంగా అరిచాడా, ఇప్పటికీ తెలియదు.

గోదారిగట్టు: "ల" ఉండే ఉంటుంది. మల్లుదొర స్వయానా తమ్ముడు, ఆయనైతే "చిన్నదొర" అనేవాడు. పైగా అది దామనపల్లి ఘట్టమేమో. 1922 సెప్టెంబరు 24న ఘాట్‌లో ముందు నడిచిన మన సిపాయిలను పోనిచ్చి, వెనకొచ్చిన దొరలిద్దరినీ, స్కాట్ కవర్డ్‌నీ హైటర్‌నీ, కాల్చేశారు. ఎవరు దొరో ఎవరు కాదో చూసి కొట్టినవాళ్ల కథలో "ల" ఊరికే పడదు.

కొండవాగు: మీ ఇద్దరిదీ మైదానం లెక్క. మావైపు కొండదొరలు అంటే మనుషులు, ఒక తెగ. "దొరలొస్తున్నారు" అంటే మావాళ్లే గుంపుగా వస్తున్నారనీ అవ్వచ్చు. "ల" ఉన్నా మీ గొడవ తీరదు.

చింతబరిగె: మా దిక్కు దొరంటే గడీల ఉండేటోడే. "బాంచెన్ దొరా" విని పెరిగిన చెవికి గంటందొర మన పక్షమంటే ఎక్కుతదా? ఐదో తరగతిలో ఆయన్నే విలన్ అనుకున్న. ముఠాదారు అని కూడా రాసిండ్రు కదా, ఇంకేముంది, దొంగల ముఠా!

అరసున్నా: ముఠా అంటే అక్కడ కొన్ని ఊళ్ల పెత్తనం అండీ. ఆయన మాత్రం ఊరి మునసబు, ఆ పదవి ఊడబెరికారనే కదా ఆయన కడుపుమంట. సరే, నా "ల"?

గోదారిగట్టు: దొర మాట వచ్చింది కాబట్టి, గరిమెళ్ల వారి "మాకొద్దీ తెల్ల దొరతనము"లో ఆ "దీ" ఏమిటో ఎవరైనా చెప్పండి. నేనైతే మాకు, వద్దు, ఈ అని విడదీస్తాను.

చింతబరిగె: పాట కోసం సాగదీసిండ్రు, అంతే.

గోదారిగట్టు: సాగదీయడానికి జైలుకెళ్లలేదు ఆయన. "ఈ" తీసేస్తే ఏ దొరతనమూ వద్దన్నట్టు. ఉంటే ఎదురుగా నిలబడ్డవాడికి వేలు పెట్టి చూపించినట్టు.

కొండవాగు: ఆ గరిమెళ్ల 1952లో మద్రాసులో పేదరికంతో పోయారు. అదే ఏడు మా మల్లుదొర విశాఖ నుంచి లోక్‌సభకు వెళ్లాడు. ఒక దొర పోయి ఇంకో దొర, మీ పాటలో దీనికి అక్షరం ఉందా?

గోదారిగట్టు: అందుకే "ఈ" అంటున్నా. మల్లుదొరకి ఆ పాట తగలదు.

అరసున్నా: ఆగండాగండి, ఆ పేజీలో బొమ్మ గుర్తొచ్చింది. కుర్రాడు ఒక చేత్తో కొండ కిందికి చూపిస్తున్నాడు, రెండో చేతిలో సగం కొరికిన పనసతొన. భయపడ్డవాడు తొన పారెయ్యడూ? కాబట్టి "ల" లేదు.

కొండవాగు: పనస అయితే పారెయ్యడు.

గోదారిగట్టు: సెప్టెంబరులో పనసతొన ఎక్కడిదండీ?