డయాలసిస్‌లో హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) ఇచ్చాక బీపీ పడిపోయింది. మందులో కల్తీ ఉందేమో ఎలా తెలుసుకోవాలి?

ప్రశ్న (మద్దిలపాలెం నుంచి):
అందరికీ నమస్కారం. మా అమ్మకి వారానికి మూడుసార్లు డయాలసిస్. మొన్న శనివారం హెపారిన్ ఎక్కించిన పది నిమిషాలకే ముఖం ఎర్రబడి, నుదుటి మీద చెమట ధార కట్టింది. బీపీ 80/50. సిస్టర్ గబగబా కాళ్లు ఎత్తుపెట్టి సెలైన్ ఎక్కించారు. అరగంటకి తేరుకుంది. ఆ రోజు తీసిన సీసా కొత్త బ్యాచ్‌ది అని తర్వాత తెలిసింది. 2008లో హెపారిన్ కల్తీ అయి మనుషులు పోయారని చదివినప్పట్నుంచి ఒకటే టెన్షన్. బయట ఏదైనా ల్యాబ్‌లో ఇచ్చి పరీక్ష చేయించొచ్చా?

జవాబు (పరవాడ, మందుల కంపెనీలో క్వాలిటీ కంట్రోల్):
అమ్మగారు తేరుకున్నారు, అదే పెద్ద ఊరట. డయాలసిస్‌లో బీపీ పడిపోవడానికి నీరు ఎక్కువ లాగడం, పొద్దున బీపీ మాత్ర వేసుకోవడం, డయాలసిస్ ఫిల్టర్ ఒంటికి పడకపోవడం, ఇలా చాలా కారణాలుంటాయి. కాబట్టి కల్తీయే అని ఇప్పుడే అనుకోకండి. కానీ ముఖం ఎర్రబడింది అన్నారు చూడండి, అది కిడ్నీ డాక్టర్‌గారికి తప్పకుండా చెప్పాలి.

2008 సంగతి మా పనిలో ఉన్నవాళ్లు ఎవరూ మర్చిపోలేరు. హెపారిన్‌ని పంది పేగుల లోపలి పొర నుంచి తీస్తారు. చైనా నుంచి వచ్చిన ముడిసరుకులో ఓవర్ సల్ఫేటెడ్ కాండ్రాయిటిన్ సల్ఫేట్ అనే పదార్థం కలిసింది. కాండ్రాయిటిన్ అంటే మోకాళ్ల నొప్పుల మాత్రల్లో వాడేదే, చవక. దానికి రసాయనికంగా సల్ఫేట్ ఎక్కించి హెపారిన్‌లా తయారు చేశారు. అది ఒంట్లోకి వెళ్లగానే రక్తనాళాలను వదులు చేసే బ్రాడీకైనిన్ అనే పదార్థం ఒక్కసారిగా పెరిగి బీపీ కూలిపోతుంది. అమెరికాలో మొదట బయటపడింది డయాలసిస్ చేయించుకునే పిల్లల్లో.

అసలు భయపెట్టే విషయం వేరే. అప్పట్లో హెపారిన్‌కి చేసే ముఖ్యమైన పరీక్ష, రక్తం గడ్డకట్టడాన్ని ఎంత ఆపుతుందో చూడటం. ఈ కల్తీ సరుకు కూడా కొంతవరకు ఆ పని చేస్తుంది! అందుకే పాస్ అయిపోయింది. చివరికి అణువుల నిర్మాణాన్ని చూపించే ఎన్‌ఎంఆర్ యంత్రం పట్టించింది. హెపారిన్‌కి ఆ యంత్రం గీసే గ్రాఫ్‌లో 2.04 దగ్గర ఒక పీక్ వస్తుంది. కల్తీ ఉంటే 2.16 దగ్గర ఇంకోటి లేస్తుంది. చూడ్డానికి చిన్న గీతే, కానీ ఒకసారి చూస్తే మర్చిపోరు. ఆ తర్వాత ఫార్మకోపియాలు (మందుల నాణ్యతా ప్రమాణాల పుస్తకాలు) మార్చి ఈ పరీక్షలు తప్పనిసరి చేశారు. మామూలు రక్తపరీక్షల ల్యాబ్‌లో ఇది అయ్యే పని కాదు.

ప్రశ్న (గాజువాక నుంచి):
మా మావయ్యగారు గుండె వాల్వ్ ఆపరేషన్ అయ్యాక రక్తం గడ్డకట్టకుండా ఎసిట్రోమ్ మాత్ర వేసుకుంటున్నారు. అందులోనూ ఇలా జరగొచ్చా అండీ?

జవాబు (పరవాడ):
ఆ మాత్ర పూర్తిగా రసాయనికంగా చేసేది, పంది పేగులతో సంబంధం లేదు. ఈ కారణంతో అది ఆపొద్దు. వాల్వ్ మీద గడ్డ కడితే ప్రాణానికే ముప్పు. పొట్టమీద పొడిచే ఎనాక్సాపారిన్ ఇంజెక్షన్ మాత్రం హెపారిన్ నుంచే వస్తుంది.

జవాబు (డయాలసిస్ టెక్నీషియన్, విశాఖ):
మద్దిలపాలెం చెల్లెమ్మా, సీసా లేబుల్ ఫోటో తీసుకో. బ్యాచ్ నంబర్, ఎక్స్‌పైరీ కనబడాలి. ఆ రోజు ఫిల్టర్ బ్యాచ్ కూడా రాసుకో. అదే రోజు అదే సీసా వాడిన మిగతా పేషెంట్లకి ఏమైనా అయిందా అని అడుగు, అది చాలా చెప్తుంది. మందుల దుష్ప్రభావాలు ఎవరైనా చెప్పుకోడానికి 1800-180-3024 టోల్ ఫ్రీ నంబర్ ఉంది. డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కి రాస్తే అదే బ్యాచ్ నుంచి శాంపిల్ తీయగలరు. కొన్న మందుని ఎవరైనా ఫీజు కట్టి ప్రభుత్వ అనలిస్ట్‌తో పరీక్ష చేయించుకునే హక్కు 1940 డ్రగ్స్ చట్టం 26వ సెక్షన్‌లో ఉంది. కాకపోతే సీల్ తియ్యని సీసా ఇవ్వాలి. తెరిచినదాన్ని పట్టుకెళ్తే లాభం లేదు.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్ అండీ. ఇవాళ డాక్టర్‌గారికి అంతా చెప్పాను. రికార్డులో రాసుకుని, ఆ బ్యాచ్ సీసాలు పక్కన పెట్టించారు. ఆ సీసా వాడిన మిగతా ఇద్దరికీ ఏమీ కాలేదట. ఈసారి ఫిల్టర్ మార్చి, వేరే బ్యాచ్ హెపారిన్ ఇస్తామన్నారు. టోల్ ఫ్రీకి కూడా చెప్పేశాను. రేపు ఏడింటికి అమ్మ సెషన్, నేను పక్కనే కూర్చుంటాను.