అడవి అంచు ఊళ్లకు రగ్డ్ ఫోనా, మామూలు ఫోనా?

తాడ్వాయి బిడ్డ:
అందరికీ నమస్తే. మా బాపుకు ఫోన్ కొనాలి. మా ఊరు ములుగు జిల్లాలో, ఏటూరునాగారం అడవి అంచున ఉంటుంది. బాపు పొద్దంతా చేను మీదే. మోటారు దగ్గర తడి, మందు కొట్టిన చేతులతోనే ఫోన్ ఎత్తడం, మిర్చి కల్లంలో దుమ్ము. ఇంట్లో ఒక గీత సిగ్నల్ వస్తుంది, చేను దగ్గర అదీ ఉండదు. పత్తి అమ్మడానికి కపాస్ కిసాన్ యాప్‌లో స్లాట్ బుక్ చేయాలంటే ఓటీపీ కోసం చెరువుకట్ట ఎక్కి నిలబడాల్సి వచ్చింది. రగ్డ్ ఫోన్, అంటే పడినా తడిసినా తట్టుకునే గట్టి ఫోన్ కొందామని నేనంటున్నా. అంత గట్టి ఫోన్‌లో యాంటెన్నా కూడా గట్టిదే పెడతారు కదా? ఆ ఇటుకను జేబులో మోయడం ఎందుకు, అదే డబ్బుకు మంచి మామూలు ఫోన్ వస్తుంది అని మా అన్న వాదన. బడ్జెట్ 25 వేలు. మీరేమంటారు?

భూపాలపల్లి టవర్ టెక్నీషియన్:
తమ్ముడూ, కింద పడితే పగలకపోవడం వేరు, దూరంగా ఉన్న టవర్‌ను అందుకోవడం వేరు. ఐపీ68 అంటే లోపలికి దుమ్ము పోదు, మీటరుకు మించిన లోతు నీళ్లలో కంపెనీ చెప్పినంతసేపు ఉన్నా ఏమీ కాదు. ఐపీ69 అంటే వేడినీళ్లు ప్రెషర్‌తో కొట్టినా తట్టుకుంటుంది. మిల్-ఎస్‌టీడీ-810హెచ్ అమెరికా సైన్యం రాసుకున్న పరీక్షల పద్ధతి. అందులో ఏ పరీక్షలు చేయాలో ఫోన్ కంపెనీయే ఎంచుకుంటుంది. ఈ మూడింట్లో దేనికీ సిగ్నల్‌తో సంబంధం లేదు.

సిగ్నల్ సంగతి తేల్చేది బ్యాండ్, అంటే టవర్, ఫోన్ మాట్లాడుకునే ఫ్రీక్వెన్సీ. ఫ్రీక్వెన్సీ తగ్గేకొద్దీ దూరం పోతుంది, చెట్లను, గోడలను బాగా దాటుతుంది. మన ఊళ్లకు పనికొచ్చేవి 700, 850, 900 మెగాహెర్ట్జ్. జియో 4జీకి 850 ఉంది, దాన్ని బ్యాండ్ 5 అంటారు. ఎయిర్‌టెల్‌కు 900, అది బ్యాండ్ 8. బీఎస్ఎన్ఎల్ కొత్త 4జీ 700లో, 2100లో వస్తుంది, అంటే బ్యాండ్ 28, బ్యాండ్ 1. పాత చవక 4జీ ఫోన్లలో చాలావాటికి ఈ 28 ఉండదు. అలాంటి ఫోన్‌లో బీఎస్ఎన్ఎల్ సిమ్ వేస్తే, ఊరి టవర్ 700లో ఇస్తున్నా ఫోన్‌కు కనబడదు. 2300, అంటే బ్యాండ్ 40, హన్మకొండలో స్పీడ్ ఇస్తుంది గానీ అడవి దాటి రాదు. 5జీలో 3300 రీచ్ ఇంకా తక్కువ. జియోకు మాత్రం 2022 వేలంలో కొన్న 700 ఉంది, దానికి ఫోన్‌లో ఎన్28 అనే 5జీ బ్యాండ్ ఉండాలి.

కొనే ముందు కంపెనీ వెబ్‌సైట్‌లో ఆ మోడల్ బ్యాండ్ల లిస్టు చదువు. 1, 3, 5, 8, 28, 40 అన్నీ ఉంటేనే మిగతావి చూడు. అంతకన్నా ముందు చేను దగ్గర ఏ కంపెనీ సిగ్నల్ అందుతుందో కొలవాలి. సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్, అందులో సిమ్ స్టేటస్ తెరిస్తే సిగ్నల్ బలం డీబీఎం అని మైనస్ నంబరులో వస్తుంది. మైనస్ 85 అయితే బాగున్నట్టు. మైనస్ 110 దాటితే మాట తెగుతుంది, 120 దగ్గర ఇక లేనట్టే. 10 తేడా వచ్చిందంటే సిగ్నల్‌లో పది రెట్లు తేడా. గీతలను నమ్మొద్దు, ఒక్కో కంపెనీ ఒక్కోలా గీస్తుంది.

జన్నారం లైన్‌మన్:
టవర్ అన్న చెప్పింది కాదనను. కానీ పగిలిన ఫోన్‌లో ఎన్ని బ్యాండ్లుంటే ఏం లాభం? మేం సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి ఎల్‌సీ (లైన్ క్లియర్), అంటే లైన్‌లో కరెంటు ఆపారన్న మాట తీసుకున్నాకే స్తంభం ఎక్కుతాం. పని అయ్యాక మళ్లీ ఫోన్ చేసి చెబితేనే లైన్‌లోకి కరెంటు వదులుతారు. వానలో ఆ ఫోన్ ఆగిపోతే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే నేను రగ్డ్ వైపే. గ్లోవ్స్ తీయకుండా స్క్రీన్ పనిచేయాలి, తడి చేత్తో బటన్ నొక్కితే కాల్ పోవాలి.

బ్యాటరీ సంగతి కూడా ఎవరూ అనలేదు. టవర్ దూరమైతే ఫోన్ పూర్తి పవర్ పెట్టి అరుస్తూనే ఉంటుంది. కవ్వాల్ అడవిలోకి పోయిన రోజు మధ్యాహ్నానికే వేడెక్కి సగం ఛార్జింగ్ అయిపోతుంది. శాంసంగ్ ఎక్స్‌కవర్7 అని 2024లో మన దేశంలోకి వచ్చింది. ఐపీ68 ఉంది, పైగా బ్యాటరీ చేత్తో ఊడదీసి ఇంకోటి వేసుకోవచ్చు. వచ్చినప్పుడు 27 వేల పైచిలుకు ఉండె. బాపుకు కొంచెం ఎక్కువే, అయినా చూడండి.

హన్మకొండ మొబైల్ రిపేర్:
ఎక్స్‌కవర్ లాంటివి వేరు. ఆన్‌లైన్‌లో 10,000 ఎంఏహెచ్ బ్యాటరీ అని బయటి దేశం నుంచి తెప్పించుకునే రగ్డ్ ఫోన్లతోనే నా గొడవ. కొన్నింటిలో మన బ్యాండ్లు సగమే ఉంటాయి. అన్నీ ఉన్నా మన కంపెనీల వోల్టీ (VoLTE), అంటే 4జీ మీదే కాల్ మాట్లాడే సౌకర్యం పనిచేయనివి ఉన్నాయి. జియోకు 2జీ, 3జీ లేవు కాబట్టి వోల్టీ లేకపోతే కాలే పోదు, నెట్ మాత్రం వస్తుంది. డిస్‌ప్లే పోతే ఇక్కడ దొరకదు. తెప్పించేసరికి సీజన్ అయిపోతుంది.

నీళ్ల పరీక్ష మంచినీళ్లతో చేస్తారు, పురుగుల మందుతో కాదు. ఒక రైతు తెచ్చిన రగ్డ్ ఫోన్ నా బల్ల మీదే ఉంది. ఛార్జింగ్ పోర్టు మీది రబ్బరు మూత సగం తెగి వేలాడుతోంది, లోపలి పిన్నుల మీద పచ్చటి చిలుము. మూత పోయాక ఆ పోర్టు మామూలు ఫోన్ పోర్టు లాంటిదే. సీలింగ్ ఒకసారి విప్పామంటే మళ్లీ కంపెనీలో ఉన్నంత గట్టిగా అతకదు. నీళ్లు పోతే చాలా కంపెనీల వారంటీ వర్తించదు, ఐపీ68 అని డబ్బా మీద రాసి ఉన్నా సరే.

నా మాట వినాలంటే మధ్యరకం చూడండి. ఒప్పో ఎఫ్27 ప్రో ప్లస్, ఎఫ్29 ఐపీ69తో వచ్చాయి. మోటో ఎడ్జ్ 50కి ఐపీ68తో పాటు ఆ సైన్యం పరీక్ష కూడా ఉంది. ఇవి జేబులో పడతాయి, విడిభాగాలు దొరుకుతాయి. 300 పెట్టి మూలలు మందంగా ఉన్న కవర్ వేయండి. వెనక ఇనుప రేకు, అయస్కాంతం ఉన్న కవర్లు వద్దు, ఉన్న కాస్త సిగ్నల్‌ను అవి తగ్గిస్తాయి.

తాడ్వాయి బిడ్డ:
ఎఫ్29 ప్రకటనలో హంటర్ యాంటెన్నా, సిగ్నల్ 300 శాతం ఎక్కువ అని ఉంది. మరి సిగ్నల్‌తో సంబంధం లేదంటున్నారు కదా అన్నా?

భూపాలపల్లి టవర్ టెక్నీషియన్:
గట్టిదనానికి సంబంధం లేదన్నాను. యాంటెన్నాకు తప్పకుండా ఉంది. చెయ్యి ఎక్కడ పట్టుకున్నా మూసుకుపోకుండా యాంటెన్నాలు అమర్చితే లాభమే. ఆ 300 శాతం మాత్రం కంపెనీ లెక్క. అది నిజమే అనుకుందాం. 300 శాతం పెరిగితే నాలుగు రెట్లు, డీబీఎంలో అది 6. మైనస్ 116 ఉన్న చోట మైనస్ 110 అవుతుంది. తెగే కాల్ నిలబడొచ్చు, అది చిన్న సంగతి కాదు. కానీ అసలేమీ రాని గుంతలో అది కూడా చేసేదేం లేదు. అక్కడ సిమ్ మార్చడమే దారి.

ఉట్నూర్ ఆశా:
అన్నలూ, అందరూ ఒకే ఫోన్ గురించి కొట్లాడుతున్నారు. రిజిస్టర్లు, బీపీ మిషన్ ఉన్న సంచిలో ఇంకో అర కిలో ఫోన్ పెట్టుకుని గూడేలు తిరగడం నా వల్ల కాదు. నా దగ్గర కీప్యాడ్ ఫోన్ ఒకటి, మామూలు స్మార్ట్‌ఫోన్ ఒకటి ఉన్నాయి. కీప్యాడ్‌లో ఎయిర్‌టెల్ సిమ్, 2జీ మీద కాల్ దొరుకుతుంది. స్మార్ట్‌ఫోన్‌లో జియో, బీఎస్ఎన్ఎల్. బాపుకు చేనులో కావాల్సింది కాల్, యాప్ పని ఇంటికొచ్చాకే కదా? నీళ్లలో పడితే పోయేది చవక కీప్యాడే.

ఇంకొకటి. ప్రభుత్వం డిజిటల్ భారత్ నిధితో కట్టిన టవర్లలో ఒక కంపెనీ 4జీని మిగతా కంపెనీల సిమ్‌లూ వాడుకునే సౌకర్యం 2025 జనవరిలో మొదలైంది. మా దగ్గర చాలామంది బిల్లు వస్తుందన్న భయంతో ఫోన్‌లో డేటా రోమింగ్ ఆఫ్ చేసి పెట్టుకున్నారు. పక్క టవర్ ఉన్నా వాళ్లకు నెట్ రాదు. అది ఆన్ చేయండి.

జన్నారం లైన్‌మన్:
అక్కా, కాల్ వరకైతే సరే. మా పనిలో ఫొటో, లొకేషన్ అక్కడికక్కడే పంపాలి, కీప్యాడ్‌తో కాదు. పని బట్టే ఫోన్. రైతుకైతే మీ పద్ధతి బాగానే ఉంది, నాకు మాత్రం రగ్డే కావాలి.

మోరంచ వాగు పక్క:
2023 జులై చివర్లో లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు పడింది. మోరంచపల్లి మునిగి జనం మిద్దెలెక్కారు. ఆ రాత్రి నుంచి ఫోన్ అంటే నాకు టార్చి, పవర్‌బ్యాంకు, రెండు వేరు కంపెనీల సిమ్‌లు. కరెంటు పోయి టవర్ బ్యాటరీ దిగిపోతే ఏ ఫోనైనా మూగదే. మీ ఊరి టవర్‌కు జనరేటర్ ఉందా లేదా కనుక్కోండి, లేకపోతే పంచాయతీ నుంచి కలెక్టరేట్‌కు రాయించండి.

తాడ్వాయి బిడ్డ:
ఇంటి మీద పెట్టే బూస్టర్ మూడు వేలకే ఆన్‌లైన్‌లో కనబడుతోంది. అది పెడితే ఈ తలనొప్పి ఉండదేమో?

భూపాలపల్లి టవర్ టెక్నీషియన్:
అది ముట్టుకోకు తమ్ముడూ. అనుమతి లేకుండా పెట్టడం చట్టప్రకారం నేరం, చుట్టుపక్కల అందరి సిగ్నల్ కూడా చెడగొడుతుంది. ఇంట్లో నెట్ కేబుల్ ఉంటే వైఫై కాలింగ్ ఆన్ చెయ్యి, జియో, ఎయిర్‌టెల్ రెండింటికీ ఉంది. చేను దగ్గర 5జీ ఆపి 4జీ మీదే పెట్టు, బ్యాటరీ నిలుస్తుంది. కంపెనీలు తమ కవరేజ్ మ్యాపులు వెబ్‌సైట్లలో పెట్టాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన ఉంది, అవి చూడు. ఆదివారం ఊరికి పోయినప్పుడు రెండు మూడు సిమ్‌లతో ఇంటి దగ్గర, మోటారు దగ్గర, కట్ట మీద డీబీఎం నంబర్లు రాసి ఇక్కడ పెట్టు. ఏ మోడల్ అనుకుంటున్నావో కూడా రాయి, దాని బ్యాండ్ల లిస్టు నేను చూసి చెబుతా.