‘నీయెడల’ ఉందా, లేదా? (మత్తయి 18:15)

కృష్ణాతీరం: మత్తయి సువార్తలో యేసు మాట: “...ఒంటరిగానున్నప్పుడు అతనిని గద్దించుము.” దీనికి ముందు “నీ సహోదరుడు తప్పిదము చేసినయెడల” అనా, “నీయెడల తప్పిదము” అనా? రెండూ నోట్లో ఆడుతున్నాయి.

పాతప్రతి: రెండూ ఉన్నాయండి. “నీయెడల” మత్తయిది, అది లేనిది లూకా 17:3. అసలు పేచీ గ్రీకు మూలంలోనే ఉంది. నాలుగో శతాబ్దపు సినాయ్, వాటికన్ చేతిరాత ప్రతుల్లో మత్తయిలోనూ ఆ మాట లేదు.

అక్షరవనం: చెవి చేసిన పొరపాటది. గ్రీకు క్రియ చివర “ఏసే”, వెంటనే “ఐస్ సె” (నీయెడల). తర్వాతి కాలపు ఉచ్చారణలో రెండూ దాదాపు ఒకేలా వినబడతాయి. విని రాసేవాడు ఒకటి వదిలేశాడు. 21వ వచనంలో శిష్యుడు పేతురు “నాయెడల” అనే అడుగుతాడు కదా.

పాతప్రతి: ఆ 21ని చూసే 15లో ఎవరో చేర్చారనీ అనవచ్చు. ప్రతులన్నీ పోల్చి కూర్చిన గ్రీకు కొత్త నిబంధన, నెస్లే-ఆలండ్ ముద్రణ, దాన్ని అనుమానంతో కుండలీకరణాల్లో ఉంచింది. తీసేస్తే, తప్పు చూసిన ప్రతివాడూ వెళ్లాలి. ఉంచితే, నష్టపోయినవాడే వెళ్లాలి.

ఒడంబడిక: నన్నడిగితే “గద్దించుము” దగ్గరే ఎక్కువ నష్టం జరిగింది. లూకాలో ఉన్నది ఎపితిమావో, అంటే మందలించడం. మత్తయిలో ఎలెంఖో, అంటే తప్పును ఎదుట పెట్టి ఒప్పించడం. యోహాను 16:8లో ఇదే క్రియకు “ఒప్పుకొనజేయును” అని మనవాళ్లే రాశారు. గద్దించాలని వెళ్లినవాడు గొంతు పెంచుతాడు, 15–17లోని మూడు మెట్లలో (ఒంటరిగా, సాక్షులతో, సంఘం ఎదుట) మొదటిది అక్కడే విరుగుతుంది. ఒక్క సంగతే పట్టుకెళ్లాలి: ఏ బాకీ, ఏ రోజు, ఏ మాట. పాత లెక్కలు తవ్వకూడదు. ముందే ప్రార్థన అంశమంటూ వాట్సాప్‌లో పెడితే “ఒంటరిగా” అన్నదానికి అర్థమే లేదు. రెండో మెట్టులో “ఒకరినిద్దరిని” అంటే మన బలగమని కాదు. ద్వితీయోపదేశకాండము 19:15 నాటి సాక్షులు వాళ్లు, ఎవరేమన్నారో స్థిరపరచాలి. బావమరిదిని వెంటబెట్టుకెళ్తే అవతలివాడు తలుపు వేసుకుంటాడు. ఇద్దరికీ సమ్మతమైన పెద్దమనిషి కావాలి. 1 కొరింథీ 6:5 “బుద్ధిమంతుడు” అన్నది అలాంటివాణ్నే.

కృష్ణాతీరం: అదే అధ్యాయం చూపించి పోలీసుల దగ్గరికీ వెళ్లొద్దంటారే?

ఒడంబడిక: అక్కడి “వ్యాజ్యెము” సొత్తు తగాదా. ఏడో వచనం చూడండి, “మీ సొత్తుల నపహరింపబడనిచ్చుట” అంటాడు. కొట్టడం, పిల్లల మీద అఘాయిత్యం ఈ మెట్లలోకి రావు. పిల్లల మీద లైంగిక నేరం తెలిస్తే 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదు చేసి తీరాలి. సంఘంలో సర్దుకుందాం అనే పెద్దల మాట వినకండి.

ఛందోప్రియ: లేవీయకాండము 19:17లో పొరుగువాని పాపం నీ మీదికి రాకుండా గద్దించమంటాడు. అది చదివితే నాకు భారతంలో ఉద్యోగపర్వమే, కౌరవసభలో కృష్ణుడి మాటే. “దక్షు లెవ్వార లుపేక్ష సేసి రది వారల చేటగు.” ఆపగలిగీ ఊరకున్నవాడికే చేటట! “దక్షులు” దగ్గర తిక్కన ఎంత బరువు పెట్టాడో! ఈ లెక్కన “నీయెడల” లేని పాఠమే సరి.

అక్షరవనం: కృష్ణుడు నిండు సభలో చెప్పాడు, దుర్యోధనుడు లేచిపోయాడు. మత్తయి “ఒంటరిగా” అన్నది అందుకేనండి.

ఛందోప్రియ: సభకు ముందు ద్రుపదుని పురోహితుడు వెళ్లాడు, సంజయుడు వచ్చి వెళ్లాడు. మెట్లు అక్కడా ఉన్నాయి.

అక్షరవనం: సరే, 17లో, సంఘం మాటా విననివాణ్ని “నీకు అన్యునిగాను సుంకరిగాను” ఎంచుకొమ్మని ఏకవచనం ఎందుకు? సంఘమంతా విన్నాక కూడా “నీకు” అన్నాడంటే, 15లో “నీయెడల” ఉండితీరాలి.

పాతప్రతి: “నీవు పోయి”, “సంపాదించుకొంటివి” కూడా ఏకవచనాలే. అవి రెండు పాఠాల్లోనూ ఉన్నాయి. ఆ వాదం నిలవదు.