పాత నవలకు నివాళిలా రాసిన కొత్త నవల ఏదైనా చెప్తారా?

జేడీ స్మిత్ ‘ఆన్ బ్యూటీ’ (2005) చదివాక ఈ.ఎం. ఫార్‌స్టర్ ‘హోవర్డ్స్ ఎండ్’ (1910) మళ్లీ తిరగేశాను. పాతది హెలెన్ తన అక్కకు రాసిన ఉత్తరాలతో మొదలైతే, కొత్తది జెరోమ్ తన తండ్రికి పంపిన ఈమెయిళ్లతో మొదలవుతుంది. అక్కడ బీథోవెన్ కచేరీలో చేతులు మారిన గొడుగు ఇక్కడ మోట్సార్ట్ కచేరీలో డిస్క్‌మన్ (వెంట తీసుకెళ్లే సీడీ ప్లేయర్) అయింది! అక్కడ ఒకావిడ చనిపోయేముందు స్నేహితురాలికి ఇల్లు రాసిస్తే ఇంట్లోవాళ్లు ఆ చీటీని తగలబెడతారు. ఇక్కడ ఇంటి బదులు ఒక పెయింటింగ్, దాన్నీ దక్కనివ్వరు. ‘హోవర్డ్స్ ఎండ్’ చదవనివాళ్లకు కూడా కథ ఎక్కడా ఆగదు.

ఇలాంటిదే ఇంకొకటి కావాలి. జీన్ రీస్ ‘వైడ్ సర్గాసో సీ’ (1966) గొప్పదే, కానీ అది షార్లెట్ బ్రాంటీ పాత నవల ‘జేన్ ఐర్’తో వాదనకు దిగుతుంది. మైకేల్ కన్నింగ్‌హామ్ ‘ది అవర్స్’ (1998) కాస్త దగ్గరగా వచ్చింది. అయితే అందులో ‘మిసెస్ డాలోవే’ నవల రాసిన వర్జీనియా వుల్ఫే ఒక పాత్ర, ఆ నవల పేరు నేరుగానే వస్తుంది, ఇక వెతుక్కోవడానికేముంది? నెట్‌లో వెతికితే పురాణాలను తిరగరాసినవీ, సీక్వెల్సే వస్తున్నాయి. ముందుమాటలు, వెనక అట్టలు చూసినా లాభం లేకపోయింది.

పాత్రలు, కాలం పూర్తిగా కొత్తవై, పాత నవల మీద ప్రేమ మాత్రం సన్నివేశాల్లో దాగి ఉండే నవల, తెలుగైనా ఇంకే భాషైనా సరే, మీరు చదివినవాటిలో ఏదుంది?