నలభై అయిదు నిమిషాల బస్సులో పట్టని ఆల్బమ్‌లు

గాజువాక శ్రోత:

మాది విశాఖ. ఇల్లు గాజువాకలో, ఆఫీసు ఎంవీపీ కాలనీలో. ఉదయం బస్సులో నలభై అయిదు నిమిషాలు. ఎన్‌ఏడీ కూడలి కరుణిస్తే నలభై. ఆ కాసేపూ ఒక పాప్ ఆల్బమ్ పెట్టుకుని మొదటి పాట నుంచి చివరి పాట దాకా వరుస తప్పకుండా వింటాను. పదేళ్లుగా ఇదే అలవాటు. కాబట్టి నా కొలత ఒక్కటే: నేను దిగేలోపు ఆల్బమ్ అయిపోయిందా, లేదా?

2024లో వచ్చినవాటిలో ఈ కొలతకు బాగా నిలిచింది బిల్లీ ఐలిష్ 'హిట్ మీ హార్డ్ అండ్ సాఫ్ట్'. పదే పాటలు, 44 నిమిషాలు. ముందుగా ఒక్క పాట కూడా విడిగా విడుదల చేయలేదు, అందుకని ఆ రోజు ఏం వినబోతున్నానో తెలియకుండానే బస్సెక్కాను. 'లమూర్ ద మా వీ' మెల్లగా, విసుగ్గా, పాతకాలపు జాజ్ పాటలా నడుస్తూ సగంలో ఒక్కసారిగా డిస్కో దీపాల కిందకు దూకేసింది. ఇయర్‌ఫోన్లు పెట్టుకున్న సంగతి మరిచిపోయి పక్క సీటాయన వైపు చూశాను, ఆయనకు కూడా వినబడిందేమోనని. చార్లి ఎక్స్‌సీఎక్స్ 'బ్రాట్' 41 నిమిషాలు, సరే. సబ్రీనా కార్పెంటర్ 'షార్ట్ ఎన్ స్వీట్' 36. పేరుకు తగ్గట్టే మద్దిలపాలెం రాకముందే అయిపోయింది.

బాధంతా మిగతావాటితో. ఆ ఏప్రిల్‌లో టేలర్ స్విఫ్ట్ 'ద టార్చర్డ్ పోయెట్స్ డిపార్ట్‌మెంట్' 16 పాటలతో వచ్చింది. రెండు గంటలు తిరిగేసరికి మరో 15 వచ్చి చేరాయి. బీరువాలోని బట్టలన్నీ మంచం మీద గుమ్మరించి, కావలసినవి మీరే ఏరుకోండి అన్నట్టుంది. బియాన్సే 'కౌబాయ్ కార్టర్' 27 అంశాలు, 78 నిమిషాలు. ఇవి పూర్తిగా వినాలంటే నేను అనకాపల్లికి మకాం మార్చాలి. ఎందుకింత పొడవు? వద్దు అని చెప్పే మనిషి ఎవరూ ఉండరా వీళ్ల దగ్గర?

తెనాలి కేసెట్లు:

గాజువాక గారూ, మీ బాధ నాకు వృత్తిరీత్యా తెలుసు. మాకు తెనాలిలో రికార్డింగ్ షాపు ఉండేది. జనం పాటల జాబితా రాసుకుని వస్తే ఖాళీ కేసెట్‌లో ఎక్కించి ఇచ్చేవాళ్లం. చివరి పాట సగంలో తెగితే గొడవే, అందుకని ప్రతి పాట నిడివీ నోటు పుస్తకంలో రాసిపెట్టుకునేవాడిని. తొంభై నిమిషాల కేసెట్‌కు ఒక వైపు నలభై అయిదు. అంటే మీ బస్సన్నమాట! మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్' తొమ్మిది పాటలు, 42 నిమిషాలు. మొత్తం ఒక వైపే పట్టేది. రెండో వైపు ఏం ఎక్కించాలని అడిగితే, మళ్లీ అదే ఎక్కించమన్న కుర్రవాళ్లున్నారు.

మీరన్న 'వద్దు' అనే మనిషి ఆ ఆల్బమ్‌కు దాని నిర్మాత క్విన్సీ జోన్స్. 1982లో అంతా అయిపోయిందనుకున్నాక వింటే ధ్వని పలచగా ఉంది. ఎల్‌పీ రికార్డులో ఒక వైపు నిమిషాలు పెరిగేకొద్దీ గాడులు సన్నబడతాయి, శబ్దం నీరసిస్తుంది. అందుకని మళ్లీ కూర్చుని కోతలు వేశారు. 'ద లేడీ ఇన్ మై లైఫ్'లో ఒక చరణమే పోయింది. 'బిల్లీ జీన్' మొదట్లో వచ్చే వాయిద్యాన్ని కూడా తగ్గించమన్నాడాయన. అది వింటేనే తనకు నాట్యం చేయాలనిపిస్తుందని మైకేల్ పట్టుబట్టి నిలబెట్టుకున్నాడు. ఇప్పుడు గాడీ లేదు, రీలూ లేదు. అడ్డుకునేది ఎవరు?

ఐదో పాట:

నేను హైదరాబాద్‌లో డిగ్రీ చదువుతున్నాను, టేలర్ అభిమానిని, ముందే చెప్పేస్తున్నాను. మీరన్న 'టార్చర్డ్ పోయెట్స్' ఆ ఏప్రిల్‌లో ఒక శుక్రవారం మనకు ఉదయం తొమ్మిదిన్నరకు వచ్చింది. పదకొండున్నరకు మిగతా పాటలు వచ్చినప్పుడు నేను తరగతిలో ఉన్నాను. ఫోను చూసి చిన్న కేక వేశాను. మేడమ్ బయట నిలబెట్టారు. నాకు ఇంకా మంచిదయింది.

పొడవుకు లెక్క ఉంది. 2014 డిసెంబరు నుంచి అమెరికా సంగీత పత్రిక బిల్‌బోర్డ్ ఆల్బమ్‌ల పట్టికలో ఆన్‌లైన్ వినికిడి కూడా కలుస్తోంది. అప్పటి నిబంధన ప్రకారం ఒక ఆల్బమ్‌లోని పాటలు 1,500 సార్లు వింటే ఒక ఆల్బమ్ అమ్ముడైనట్టు. పదిపాటల ఆల్బమ్ కన్నా 31 పాటల ఆల్బమ్ ఆ అంకెను ఎంత సులువుగా అందుకుంటుందో చెప్పక్కర్లేదు. అది వ్యాపారమే, ఒప్పుకుంటాను.

కానీ ఆమెకు వరుస పట్టదని మాత్రం అనకండి. ఆమె ఆల్బమ్‌లలో ఐదో పాట ఎప్పుడూ మనసు బాగా విప్పిన పాట. ఇందులో 'సో లాంగ్, లండన్'. తర్వాత చేరిన పదిహేను నాకు వేరే ఆల్బమే. ఎక్కువగా సంగీతకారుడు ఆరన్ డెస్నర్‌తో చేసినవి, పియానో, గిటారు, గొంతు. రాత్రి పూట వినాల్సినవి. ఉదయం ఎనిమిది గంటల బస్సులో వింటే విసుగు రాదా మరి? పోనీ, 2025 అక్టోబరులో వచ్చిన 'ద లైఫ్ ఆఫ్ ఎ షోగర్ల్' వినండి. 12 పాటలే, 41 నిమిషాలు.

డాలస్ తెలుగువాడు:

'కౌబాయ్ కార్టర్'ను ఆ జాబితాలోంచి తీసేయండి సార్. నేనుండేది టెక్సస్‌లో, బియాన్సేది హ్యూస్టన్. ఆ ఆల్బమ్ ఒక రేడియో కేంద్రంలా కట్టింది. మధ్యమధ్య పాతతరం కంట్రీ గాయకులు విల్లీ నెల్సన్, డాలీ పార్టన్ వచ్చి మాట్లాడతారు. ఆ 27లో కొన్ని నిమిషం కూడా ఉండవు. కంట్రీ సంగీతానికి పేరుమోసిన గ్రాండ్ ఓల్ ఆప్రీ వేదిక మీద ఒంటరిగా పాడిన మొదటి నల్లజాతి మహిళ లిండా మార్టెల్ గొంతు కూడా వినిపిస్తుంది. 'టెక్సస్ హోల్డ్ ఎమ్'లో బాంజో వాయించింది రియానన్ గిడెన్స్. బాంజో పుట్టుక ఆఫ్రికన్ బానిసల దగ్గర అని ఏళ్ల తరబడి చెబుతున్న మనిషి ఆవిడ. ఇంత చెప్పడానికి 78 నిమిషాలు ఎక్కువా? రెండు రోజులకు పంచుకోండి. మాకు ఇక్కడ ఒక్క ట్రాఫిక్ జామ్ చాలు.

గాజువాక శ్రోత:

చెప్పినట్టే చేశాను. సోమవారం 'షోగర్ల్'. నిమిషాల లెక్క చక్కగా కుదిరింది. 'ద ఫేట్ ఆఫ్ ఒఫీలియా' పాడుకుంటూ దిగాను. సాయంత్రానికి మిగతా పదకొండులో ఒక్కటి గుర్తుకొస్తే ఒట్టు. అమ్మాయీ, కోప్పడకమ్మా.

మంగళ, బుధవారాలు బియాన్సే. సగంలో ఆపి ఆఫీసుకు పోవడం మొదటిసారి, రోజంతా ఎవరితోనో మాట మధ్యలో లేచి వచ్చేసినట్టుంది. బుధవారం మిగతాది అయిపోయినా అందులోనే ఉండిపోయి దిగాల్సిన చోట దిగలేదు. నా కొలతకేదో జబ్బు చేసింది.

తెనాలి గారూ, ఆ నోటు పుస్తకం ఇంకా ఉంటే ఒక పేజీ ఫోటో పెట్టండి. ఇంకో మాట, మా దారిలో ఈ వారం రోడ్డు తవ్వారు, ప్రయాణం పది నిమిషాలు పెరిగింది. లేడీ గాగా 'మేహెమ్' 53 నిమిషాలట. రేపు అదే.