విండోస్‌లో బాగానే నడిచే పైథాన్ స్క్రిప్ట్ ఉబుంటులో ఖాళీ లిబ్రెఆఫీస్ తెరిచి కూర్చుంటోంది, ఎందుకు?

తెనాలి_డీటీపీ:

అందరికీ నమస్తే. మాది చిన్న డీటీపీ షాపు. శుభలేఖలు, కరపత్రాలు, పెద్దకర్మ కార్డులు చేస్తాం. కస్టమర్ వర్డ్ ఫైల్ ఇస్తే పీడీఎఫ్ చేసి ప్రూఫ్ వాట్సాప్‌లో పంపడం రోజూ ఉండే పనే. ముహూర్తాల సీజన్‌లో ఒక్కో ఫైలూ తెరిచి ఎక్స్‌పోర్ట్ కొట్టలేక పైథాన్‌లో స్క్రిప్ట్ రాసుకున్నా. ఫోల్డర్‌లోని ప్రతి వర్డ్ ఫైల్‌నూ లిబ్రెఆఫీస్‌కి ఇస్తుంది, పీడీఎఫ్ తయారయ్యాక తెరిచి చూపిస్తుంది, చివర్లో ఏయే పేర్లు అయ్యాయో ఒక సీఎస్‌వీలో రాస్తుంది.

మొన్న ఇంకో పాత కంప్యూటర్ కొని దాంట్లో ఉబుంటు వేశాం. అదే స్క్రిప్ట్ అక్కడ పెడితే లిబ్రెఆఫీస్ మొదటి తెర ఖాళీగా తెరుచుకుంటోంది, అంతే. పీడీఎఫ్ రాదు, ఎర్రర్ కూడా రాదు. ఆ విండో మూసేస్తే మళ్లీ ఇంకోటి తెరుచుకుంటోంది, ఎన్ని ఫైళ్లుంటే అన్నిసార్లు. పీడీఎఫ్ తెరిచే లైన్ దగ్గరేమో "ఓఎస్‌లో స్టార్ట్‌ఫైల్ లేదు" అని ఆగిపోతోంది.

విండోస్‌లోనూ రెండు చిక్కులున్నాయి. ఒకటి, "రవి & లక్ష్మి" అని పేరున్న ఫైల్ అవుతుంది, "రవి&లక్ష్మి" అని ఖాళీ లేకుండా ఉంటే అవ్వదు. రెండోది, నేను కమాండ్లు కొట్టే నల్ల విండోలో నడిపితే బాగానే ఉంటుంది, టాస్క్ షెడ్యూలర్‌లో పెట్టి లాగ్ ఫైల్‌లోకి మళ్లిస్తే మాత్రం "చార్‌మ్యాప్" ఎర్రర్‌తో పడిపోతుంది.

కమాండ్‌ను జాబితాగానే ఇస్తున్నా: ఎస్‌ఆఫీస్ (లిబ్రెఆఫీస్‌ను నడిపే ప్రోగ్రామ్), హెడ్‌లెస్ (విండో తెరవకుండా), కన్వర్ట్-టు, పీడీఎఫ్, ఫైల్ పేరు. పక్కన షెల్=ట్రూ పెట్టా, అంటే కమాండ్‌ను నేరుగా కాకుండా షెల్ (కమాండ్లు చదివి నడిపే ప్రోగ్రామ్) ద్వారా నడపమని. అది లేకపోతే విండోస్‌లో ఎస్‌ఆఫీస్ దొరకడం లేదని ఎవరో పెట్టమన్నారు.

చిలకలూరి_చంటి:

ఇంత గొడవెందుకు బ్రో, ఆ రెండోదాంట్లో కూడా విండోసే వేసెయ్.

పాత_సర్వర్_మనిషి:

చంటీ, వేసినా ఆ రెండు విండోస్ చిక్కులూ ఎక్కడికీ పోవు.

తెనాలి తమ్ముడూ, మీ నాలుగింటిలో రెండింటికి మూలం ఆ షెల్=ట్రూనే. తీసేయండి. ఎందుకో కూడా చెబుతాను, లేకపోతే రేపు ఇంకెవరో వీడియో చూసి మళ్లీ పెట్టిస్తారు.

లినక్స్‌లో ఒక ప్రోగ్రామ్‌ను నడిపితే కర్నెల్‌కి (సిస్టమ్ గుండెకాయకి) వెళ్లేది జాబితానే. మొదటి ముక్క, రెండో ముక్క, మూడో ముక్క, వేటికవే. ఫైల్ పేరులో ఖాళీ ఉన్నా, యాంపర్సండ్ ఉన్నా అది ఒకే ముక్క. విండోస్‌లో అలా కాదు. క్రియేట్‌ప్రాసెస్ అనే పిలుపుకి వెళ్లేది ఒకే పొడుగాటి లైన్. దాన్ని ముక్కలు చేసుకునే బాధ్యత అవతలి ప్రోగ్రామ్‌ది. మీరు జాబితా ఇస్తే పైథానే దాన్ని కలిపి ఒక లైన్ చేస్తుంది. అలా కలిపేటప్పుడు, ఖాళీ ఉన్న ముక్కకే కోట్లు పెడుతుంది. "రవి & లక్ష్మి"లో ఖాళీలున్నాయి కాబట్టి కోట్లు పడ్డాయి, బతికింది. "రవి&లక్ష్మి"కి పడలేదు. షెల్=ట్రూ కాబట్టి ఆ లైన్ విండోస్ షెల్ అయిన సీఎండీ చేతికి వెళ్లింది. సీఎండీకి కోట్ల బయట యాంపర్సండ్ కనబడితే "ఇక్కడితో ఒక కమాండ్ అయిపోయింది, తర్వాతది ఇంకోటి" అని అర్థం. అంటే లిబ్రెఆఫీస్‌కి "రవి" అనే ఫైల్ ఇచ్చి, ఆ తర్వాత "లక్ష్మి.డాక్స్" అనే కమాండ్‌ను నడపబోయింది పాపం. శుభలేఖల షాపులో యాంపర్సండ్ లేని ఫైల్ పేరు ఉంటుందా?

ఇక ఉబుంటు. అక్కడ జాబితానూ, షెల్=ట్రూనూ కలిపి ఇస్తే పైథాన్ ఏం చేస్తుందంటే, "ఎస్‌హెచ్ మైనస్ సీ" తర్వాత మీ జాబితా పెడుతుంది. షెల్ ఆ మొదటి ముక్కను మాత్రమే కమాండ్‌గా తీసుకుంటుంది. మిగతావన్నీ డాలర్ సున్నా, డాలర్ ఒకటి అంటూ షెల్ తన దగ్గరే ఉంచుకుంటుంది. ఎస్‌ఆఫీస్‌కి ఒక్కటీ అందదు. ఏమీ చెప్పకుండా ఎస్‌ఆఫీస్‌ను పిలిస్తే ఏం చేస్తుంది? మొదటి తెర తెరిచి కూర్చుంటుంది. దాని దృష్టిలో తప్పేమీ జరగలేదు, ఎర్రర్ ఎందుకిస్తుంది!

షెల్ లేకపోతే ప్రోగ్రామ్ దొరకలేదన్నారు. దొరకకపోతే వెతికి పూర్తి దారి ఇవ్వాలి గానీ షెల్‌ను మధ్యలోకి తేవడం మందు కాదు. ముందు షుటిల్ మాడ్యూల్‌లోని విచ్‌ను అడగండి. అది విండోస్‌లో పాత్‌ఎక్స్‌ట్ (నడపదగ్గ ఎక్స్‌టెన్షన్ల జాబితా) చూసి ఏ ఎక్స్‌టెన్షన్‌తో ఉందో కనుక్కుంటుంది. అక్కడా లేకపోతే విండోస్‌లో మామూలుగా ప్రోగ్రామ్ ఫైల్స్‌లో లిబ్రెఆఫీస్ ఫోల్డర్, దాంట్లో ప్రోగ్రామ్ ఫోల్డర్ చూడండి. అక్కడ ఎస్‌ఆఫీస్ రెండు రూపాల్లో ఉంటుంది, డాట్ ఈఎక్స్‌ఈ, డాట్ కామ్. స్క్రిప్ట్‌కి డాట్ కామ్ నయం, అది చెప్పే మాటలు కన్సోల్‌కి వస్తాయి. మ్యాక్‌లో అయితే అప్లికేషన్స్‌లో లిబ్రెఆఫీస్ డాట్ యాప్, కంటెంట్స్, మ్యాక్‌ఓఎస్ లోపల.

డాట్ బ్యాట్, డాట్ సీఎండీ ఫైళ్ల జోలికి వెళ్తే మాత్రం జాగ్రత్త. మీరు షెల్ అనకపోయినా విండోస్ వాటిని సీఎండీ ద్వారానే నడుపుతుంది, యాంపర్సండ్ కథ మళ్లీ మొదలు. 2024 ఏప్రిల్‌లో రస్ట్ భాష, జావాస్క్రిప్ట్ నడిపే నోడ్ ఈ కారణంగానే హడావుడిగా సెక్యూరిటీ రిలీజులు ఇచ్చాయి. రస్ట్‌ది 1.77.2. అప్పటినుంచి నోడ్‌లో షెల్ ఆప్షన్ లేకుండా బ్యాట్ ఫైల్‌ను పిలిస్తే ఎర్రరే.

చార్‌మ్యాప్ సంగతి. పైథాన్ 3.6 నుంచి విండోస్ కన్సోల్‌కి యూనికోడ్ నేరుగా వెళ్తుంది. ఫాంట్ లేక పెట్టెలు కనబడొచ్చు, కానీ ప్రోగ్రామ్ పడదు. అదే అవుట్‌పుట్‌ను ఫైల్‌లోకో పైపులోకో మళ్లిస్తే సిస్టమ్ కోడ్‌పేజీ (అక్షరాల పాత పట్టిక) వాడుతుంది. మన దగ్గర చాలా విండోస్ మెషీన్లలో అది 1252. అందులో తెలుగు అక్షరం ఒక్కటీ లేదు. షెడ్యూలర్‌లో పైథాన్‌యూటీఎఫ్8 అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను 1 చేయండి, లేదా పైథాన్‌ను మైనస్ ఎక్స్ యూటీఎఫ్8తో పిలవండి. ఫైల్ ఓపెన్ చేసే ప్రతిచోటా ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 (అన్ని భాషల అక్షరాలూ పట్టే పద్ధతి) అని మీరే రాయండి. 3.15 నుంచి యూటీఎఫ్-8నే డిఫాల్ట్ చేయాలని పైథాన్ మార్పుల పత్రం పెప్ 686లో నిర్ణయించారు, అయినా రాయడం మానొద్దు, పాత పైథాన్ ఉన్న మెషీన్ ఎక్కడో ఒకచోట తగులుతుంది.

సీఎస్‌వీని ఎక్సెల్‌లో తెరుస్తారు కదా? దానికి మాత్రం యూటీఎఫ్-8-సిగ్ వాడండి, ఫైల్ మొదట్లో బామ్ గుర్తు (ఇది యూటీఎఫ్-8 అని చెప్పేది) లేకపోతే ఎక్సెల్ తెలుగును పిచ్చి అక్షరాలు చేస్తుంది. ఓపెన్‌లో న్యూలైన్‌కి ఖాళీ స్ట్రింగ్ కూడా ఇవ్వండి, లేకపోతే విండోస్‌లో వరుసకీ వరుసకీ మధ్య ఒక ఖాళీ లైన్ వస్తుంది.

షెడ్యూలర్‌లో "స్టార్ట్ ఇన్" గడి ఖాళీగా వదిలేస్తే స్క్రిప్ట్ సిస్టమ్32లో నిలబడి మీ ఫైళ్ల కోసం వెతుకుతుంది. ఫోల్డర్ దారి పూర్తిగా రాసెయ్యండి.

స్టార్ట్‌ఫైల్ విండోస్‌కే ఉంది. మ్యాక్‌లో ఓపెన్, లినక్స్‌లో ఎక్స్‌డీజీ-ఓపెన్. మూడు ఇఫ్‌లు రాసుకుంటే పోతుంది.

తెనాలి_డీటీపీ:

అన్నా, షెల్=ట్రూ తీసి విచ్ పెట్టా. ఉబుంటులో పీడీఎఫ్‌లు టకటకా వచ్చేశాయి. యాంపర్సండ్ పేర్లు కూడా అయ్యాయి. లాగ్‌లో తెలుగు చక్కగా కనబడుతోంది.

ఇప్పుడు కొత్త వింత. మా డిజైనర్ అమ్మాయి ఇంటి దగ్గర పాత మ్యాక్‌లో చేసి జిప్ పంపుతుంది. కస్టమర్ల లిస్టు నా దగ్గర ఎక్సెల్‌లో ఉంది, ఆ పేరుకి ఫైల్ వచ్చిందా లేదా అని స్క్రిప్ట్ సరిచూస్తుంది. ఉబుంటులో జిప్ విప్పి నడిపితే సుజాత, నాగేశ్వరరావు, లక్ష్మి అన్నీ కలుస్తున్నాయి. శైలజ, చైతన్య, సైదులు మాత్రం "ఫైల్ లేదు" అంటోంది. కళ్లెదుటే ఉన్నాయి! పేరు కాపీ చేసి పక్కపక్కన పెట్టి చూశా, ఒక్క అక్షరం తేడా లేదు.

ఐత్వం_బాధితురాలు:

నా పేరు చూశారుగా, ఇది నా సబ్జెక్టు. కలవని మూడు పేర్లలోనూ ఐత్వం ఉంది, గమనించారా?

యూనికోడ్‌లో మన ఐత్వం గుర్తుకి రెండు రూపాలున్నాయి. ఒకటి మొత్తం కలిపి ఒకే కోడ్, 0సీ48. రెండోది ఎత్వం గుర్తు 0సీ46, దాని కింద వచ్చే ఐ పొడవు గుర్తు 0సీ56, రెండు కోడ్‌లు. తెరమీద రెండూ ఒకేలా ఉంటాయి, యూనికోడ్ లెక్కలో కూడా సమానమే. కానీ బైట్లు వేరు, పైథాన్ బైట్ల లాంటి పోలికే చేస్తుంది. మన కీబోర్డులు మామూలుగా మొదటి రూపమే కొడతాయి. పాత మ్యాక్‌ల హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ ఫైల్ సిస్టమ్ మాత్రం ఫైల్ పేరును విడగొట్టి దాచుకుంటుంది. జిప్‌లోకి ఆ విడగొట్టిన పేరే వెళ్తుంది. తెలుగు గుణింతాల్లో ఇలా విడిపోయేది ఐత్వం ఒక్కటే. అందుకే సుజాత గారికి ఏమీ కాలేదు, శైలజ గారు మాయమయ్యారు.

మందు తేలిక. యూనికోడ్‌డేటా మాడ్యూల్‌లో నార్మలైజ్ ఉంది. ఎక్సెల్ పేరునూ, ఫైల్ పేరునూ రెండింటినీ ఎన్‌ఎఫ్‌సీ అనే కలిపిన రూపంలోకి మార్చి అప్పుడు పోల్చండి. ఫైల్ తెరిచేటప్పుడు మాత్రం డిస్క్ ఇచ్చిన అసలు పేరుతోనే తెరవండి, మార్చిన పేరుతో ఉబుంటులో ఫైల్ దొరకదు. 2017 నుంచి వచ్చిన ఏపీఎఫ్‌ఎస్ (కొత్త ఫైల్ సిస్టమ్) మ్యాక్‌లు ఇచ్చిన పేరును ఇచ్చినట్టే దాచుకుంటాయి, పోల్చేటప్పుడు మాత్రం పాత మ్యాక్‌లూ కొత్తవీ రెండు రూపాలనూ ఒకటిగానే చూస్తాయి. కాబట్టి అమ్మాయి దగ్గర అన్నీ సవ్యంగానే కనబడతాయి, మీరు అడిగితే "నా దగ్గర బానే ఉందండీ" అంటుంది. ఆమెను ఏమీ అనకండి.

పాత_సర్వర్_మనిషి:

భలే చెప్పారమ్మా. ఇన్నేళ్లుగా సర్వర్లు చూస్తున్నా, ఐత్వం ఇలా విడిపోతుందని నాకూ తెలియదు.

తెలుగు పేర్లంటే ఇంకోటి చెప్పాలి. విండోస్ ఫైల్ సిస్టమ్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఫైల్ పేరుకి 255 యూనిట్లు, తెలుగు కోడ్ ఒక్కోటి ఒక యూనిట్. ఉబుంటు ఫైల్ సిస్టమ్ ఈఎక్స్‌టీ4లోనూ 255నే, కానీ అవి బైట్లు. యూటీఎఫ్-8లో తెలుగు కోడ్ ఒక్కోటి మూడు బైట్లు. అంటే 85 కోడ్‌లతో సరి. "క్ష్మి" అని మనం ఒక్క అక్షరంగా రాసేదే ఆరు కోడ్‌లు, 18 బైట్లు. "శ్రీ వేంకటేశ్వర స్వామి వారి వార్షిక దివ్య కల్యాణ మహోత్సవ ఆహ్వాన పత్రిక ఫైనల్ కరెక్షన్ తర్వాత కొత్తది" లాంటి పేర్లు విండోస్‌లో హాయిగా ఉంటాయి, ఉబుంటులోకి కాపీ చేస్తే "ఫైల్ నేమ్ టూ లాంగ్" అంటుంది. డీటీపీ వాళ్ల ఫైల్ పేర్లు ఎలా ఉంటాయో నాకు తెలుసు లెండి.

తెనాలి_డీటీపీ:

అన్నా, అచ్చం అలాంటివే ఉన్నాయి. చివర "ఫైనల్ ఫైనల్" కూడా ఉంటుంది.

అమ్మా, ఎన్‌ఎఫ్‌సీ పెట్టా, శైలజ గారు దొరికారు. ఇంకొక్కటి అడిగి ఆపేస్తా. విండోస్‌లో ప్రూఫ్ పీడీఎఫ్ రీడర్‌లో తెరిచి ఉండగా స్క్రిప్ట్ మళ్లీ నడిపితే పాత పీడీఎఫే ఉండిపోతోంది. ఉబుంటులో మారుతోంది.

పాత_సర్వర్_మనిషి:

విండోస్‌లో ఒక ప్రోగ్రామ్ ఫైల్‌ను పట్టుకుని ఉంటే, అది వదిలేదాకా ఇంకొకరు దానిమీద రాయడానికీ చెరపడానికీ మామూలుగా వీలుండదు. లినక్స్‌లో అడ్డు చెప్పరు. లిబ్రెఆఫీస్ ఇచ్చే ఎగ్జిట్ కోడ్‌ను (పని ముగిశాక ఇచ్చే అంకె, సున్నా అంటే సరే అని) నమ్ముకోవద్దు, పని కాకపోయినా సున్నా ఇచ్చిన సందర్భాలున్నాయి. పీడీఎఫ్‌ను వేరే తాత్కాలిక ఫోల్డర్‌లో చేయించి, అది నిజంగా వచ్చిందో లేదో చూసి, అప్పుడు ఓఎస్.రీప్లేస్‌తో అసలు చోటికి తెండి. రెండు ఫోల్డర్లూ ఒకే డ్రైవ్‌లో ఉండాలి. ఓఎస్.రీనేమ్ వద్దు, అక్కడ అదే పేరుతో ఫైలుంటే విండోస్‌లో ఒప్పుకోదు. రీప్లేస్ పర్మిషన్ ఎర్రర్ ఇస్తే ఎవరో తెరిచి పెట్టుకున్నారన్నమాట, "ఫలానా ప్రూఫ్ మూయండి" అని తెరమీద చెప్పించండి.

ఇంకో సంగతి, ఎవరైనా లిబ్రెఆఫీస్ తెరిచి పని చేసుకుంటుండగా అదే ప్రొఫైల్‌తో (సెట్టింగుల ఫోల్డర్‌తో) హెడ్‌లెస్ నడిపితే ఒక్కోసారి ఏమీ చేయకుండా ఊరుకుంటుంది. స్క్రిప్ట్‌కి యూజర్‌ఇన్‌స్టాలేషన్ అనే ఎన్వ్ ఆప్షన్‌తో వేరే ప్రొఫైల్ ఫోల్డర్ ఇవ్వండి. దానికి మామూలు దారి పనికిరాదు, ఫైల్ యూఆర్‌ఎల్ కావాలి. పాత్‌లిబ్‌లో యాజ్_యూఆర్‌ఐ అని ఉంది, మూడు సిస్టమ్‌లలోనూ అదే సరిగ్గా రాసిస్తుంది.