విశాఖలో సాఫ్ట్‌వేర్ పనులు: కొటేషన్‌లో పని హద్దు ఎలా రాస్తున్నారు?

మధురవాడ_కోడర్:
ఫిషింగ్ హార్బర్ దగ్గర ఒక రొయ్యల కోల్డ్ స్టోరేజీకి స్టాక్ సాఫ్ట్‌వేర్ ఒప్పుకున్నాను. 2 లక్షల 40 వేలు, మూడు నెలలు. ఇప్పుడు ఎనిమిదో నెల నడుస్తోంది. కొటేషన్‌లో "అన్ని రిపోర్టులు" అని రాసేశాను. వాళ్ల అకౌంటెంటు గారు బీరువా తీసి 14 రిజిస్టర్లు బల్ల మీద పెట్టారు. కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలు) వారీగా ఒకటి, పడవ వారీగా ఒకటి, ఐసు ఖర్చుకి ఒకటి. "అంతా అందులోదే కదా బాబూ" అంటారు. కాగితం ప్రకారం ఆయన మాట నిజమే. నా దగ్గర ఇద్దరు కుర్రాళ్లు పనిచేస్తున్నారు, వాళ్ల జీతాలు నా జేబులోంచే ఇస్తున్నాను. మీరెలా రాసుకుంటున్నారో చెప్పండి.

సిరిపురం_ప్రాజెక్ట్స్:
"అన్ని" అనే మాట కొటేషన్‌లోకి రానివ్వకండి. నేను ధర చెప్పే ముందు రెండు రోజులు వాళ్ల దగ్గరే కూర్చుంటాను, దానికి 15 వేలు వేరే బిల్లు. గాజువాకలో ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డులో అలా కూర్చున్నప్పుడు చూశాను: రాత్రి దిగిన సరుకంతా గేటు దగ్గర వాచ్‌మన్ కార్బన్ పెట్టి రాసే పుస్తకంలోనే ఉంది. మర్నాడు మధ్యాహ్నానికి గానీ ఆఫీసు లెక్కలోకి ఎక్కదు. యజమాని ఆ పుస్తకం ఊసే ఎత్తలేదు. అది చూడకుండా ధర చెప్పి ఉంటే సగం పని ఊరికే చేసేవాణ్ని. చూసినవన్నీ ఫొటోలతో రాసి, చివర "ఇవి ఇందులో లేవు" అని ఒక పేజీ పెడతాను. క్లయింట్లు ఆ పేజీ దగ్గరే ఆగుతారు. బేరమేదో అక్కడే తేలిపోతుంది.

డాబాగార్డెన్స్_వ్యాపారి:
నేను చేయించుకునేవాణ్ని. మా భయాలు మాకుంటాయండీ. సగం డబ్బు అడ్వాన్సు పుచ్చుకున్నాయన ఫోనెత్తడం మానేశాడు, సర్వరు పాస్‌వర్డు కూడా ఆయన దగ్గరే ఉండిపోయింది. అందుకే ఇప్పుడు డొమైనూ సర్వరూ నా పేరునే కొంటున్నాను. స్క్రీను నడిపి చూపిస్తేనే తర్వాతి వాయిదా. అయితే మావాళ్లు ముగ్గురు వాట్సాప్‌లో మూడు రకాలుగా చెప్పడం మా తప్పే. మార్పు చెప్పే అధికారం ఒక్కరికేనని రాయించండి, ఎవరూ కాదనరు.

ఎంవీపీ_ఆడిటర్:
పని మొదలుపెట్టక ముందే ఉద్యం రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకు కేంద్ర ప్రభుత్వ నమోదు) చేయించుకోండి. 2006 నాటి ఎంఎస్ఎంఈ (చిన్న, మధ్యతరహా పరిశ్రమల) చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉన్నా, పని అంగీకరించాక క్లయింటు డబ్బు కట్టే గడువు 45 రోజులు దాటకూడదు. దాటితే ఆర్‌బీఐ బ్యాంకు రేటుకి మూడింతలు, నెలనెలా చక్రవడ్డీ. అప్పగించిన 15 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే అప్పగించిన రోజే అంగీకారం కింద లెక్క. అందుకే అప్పగింత మెయిల్లో తేదీ ఉండి తీరాలి, ఫోన్లో చెప్పింది నిలవదు. కోడ్ హక్కు బదిలీ కూడా రాతలోనే ఉండాలి, 1957 కాపీరైట్ చట్టం అదే చెబుతోంది. ఆ బదిలీ "పూర్తి సొమ్ము అందిన రోజున" అని కలపండి.

మధురవాడ_కోడర్:
నిన్న అకౌంటెంటు గారి పక్కన పొద్దంతా కూర్చున్నాను. 14లో రోజూ తెరిచేవి 6. మిగతావి సంవత్సరాంతంలో ఆడిట్‌కి తీస్తారట. ఆ ఆరింటినీ పాత ధరకే పూర్తి చేస్తానని, మిగతా 8కి ఒక్కోటి 6 వేలని, మార్పులు ఆయన ఒక్కరే చెప్పాలని రాసిచ్చాను. ఆయన చదివి, పెన్నుతో ఐసు రిజిస్టరుని ఆరింట్లోకి మార్చి సంతకం పెట్టారు. యజమాని గారు సోమవారం చూస్తామన్నారు.